ముప్పై ఐదో వంతు తుప్పు

పొద్దంతా తుప్పును తిట్టి, సాయంత్రం ఇంటికొచ్చి అదే తుప్పును సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, ముద్దుగా పూసే మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనుంటే పటాన్‌చెరు దాకా రండి. నేనున్నాను.

నాది బస్సు బాడీలు కట్టే కంపెనీలో రంగు తనిఖీ ఉద్యోగం. రంగు కింద బొబ్బ లేచినా, గీత పడినా, తుప్పు తొంగిచూసినా ఆ బస్సుకు ఎర్ర ట్యాగు కట్టాలి. కట్టడం నా పని. కట్టిన ట్యాగును సాయంత్రంలోగా నా చేతనే విప్పించడం మా మేనేజరు పని. ఇరవై ఏళ్ళుగా ఎవరి పని వాళ్ళం శ్రద్ధగా చేసుకుంటున్నాం. రోజూ షిఫ్టు మొదలయ్యే ముందు అందరం వరసగా నిలబడి, కుడిచెయ్యి చాచి, లోపం లేని బస్సునే బయటికి పంపుతామని ప్రమాణం చేస్తాం. ఆ ప్రమాణం రాసిపెట్టిన రేకు బోర్డుకు కింది మూల తుప్పు పట్టి మూడేళ్ళయింది. అది బస్సు కాదు కనుక నా పరిధిలోకి రాదు.

నలభై ఆరో ఏట నాకు బీపీ వచ్చింది. మనసుకు నచ్చిన పని ఏదైనా పెట్టుకోమన్నాడు డాక్టరు. మా గల్లీలో కొందరు పొద్దున్నే బండ్లేసుకుని కంది ఊరి దాకా పోయి, అక్కడ నడిచి, మళ్ళీ బండ్ల మీద వస్తారు. కొందరు ఆదివారం రాగానే వెలిమెలలో కడుతున్న విల్లాలు చూసొస్తారు, కొనేది లేదు పెట్టేది లేదు. నాకు ఆ రెండూ ఎక్కలేదు. ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒక తెల్లాయన ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న యుద్ధ ట్యాంకు తయారుచేసి, రంగులేసి, దానికి బురదా తుప్పూ పట్టించి, చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. వీడియో అయిపోయేసరికి నా వేలు ఆర్డరు పెట్టేసింది. ముప్పై ఐదో వంతు సైజు, రష్యా నమూనా ట్యాంకు, అందులో కూర్చునే సిపాయిలు ముగ్గురు అదనం.

ఇక్కడ మా నాయన గురించి చెప్పకపోతే మీకు ఏమీ అర్థం కాదు. మా జిల్లాలో సైన్యానికి కవచం బండ్లు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీ ఉంది. అందులో ఆయన ముప్పై రెండేళ్ళు పెయింటు షాపులో పనిచేశాడు. స్ప్రే గన్ను పట్టుకునే పెయింటరుగా చేరి, ఆఖరి తనిఖీ చేసే మనిషిగా రిటైరయ్యాడు. ఆయన సరే అన్నాకే బండి గేటు దాటేది. ఆ సరే అనడం నోటితో కాదు, పసుపు చాక్‌పీసుతో. మొదటిసారికే బాగుంటే ఒక టిక్కు. తప్పు దొరికి, విప్పి, మళ్ళీ చేశాక బాగుంటే టిక్కు పెట్టి దాని కింద అడ్డగీత. బాగాలేకపోతే ఇంటూ. ఇంకో గుర్తు లేదు.

రిటైరై పన్నెండేళ్ళయినా ఆ చాక్‌పీసు జేబులోంచి దిగలేదు. గ్యాసు సిలిండరు వస్తే సీలు చూసి టిక్కు కొడతాడు. మా ఇంటి గేటుకు ఇంటూ కొట్టి, వెల్డింగు చేసినాయన్ను రెండుసార్లు తిప్పించి, చివరికి అడ్డగీత టిక్కుతో వదిలాడు. పెళ్ళయిన కొత్తలో నా భార్య చేసిన బగారన్నం తిని, చెయ్యి కడుక్కొచ్చి, గిన్నె మూత మీద టిక్కు పెట్టాడు. అడ్డగీత లేని టిక్కు. అది జరిగి పద్దెనిమిదేళ్ళయింది, నాతో ఏ మాట వచ్చినా ఆమె అక్కడినుంచే మొదలుపెడుతుంది. నా సంగతికొస్తే, ఏడో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం పెట్టాల్సిన చోట ఆయన ఇంటూ కొట్టి పంపాడు. పాపం సంతకం రాదేమోననుకుని మా సారు నన్ను పక్కకు పిలిచి, పెద్దవాళ్ళు కూడా రాత్రిబడికి పోయి చదువుకోవచ్చని మెల్లగా చెప్పాడు.

ఆ తర్వాత నా ఉద్యోగం, నా మోటారు సైకిలు, నేను స్వయంగా వేసిన హాలు గోడ రంగు, అన్నిటికీ ఇంటూలే. అడ్డగీత టిక్కు కూడా నేనెరగను. దాచడమెందుకు, ఈ ట్యాంకు మీద నేను పెట్టుకున్న ఆశ అదొక్కటే. లోకంలో ఇంకెవరి మెప్పూ నాకక్కర్లేదు, ఈ ముసలాయన ట్యాంకును చూసి జేబులో చెయ్యి పెట్టాలి. నలభై ఆరేళ్ళ వాడికి ఇదేం కోరిక అంటారేమో. చాక్‌పీసు పట్టుకున్న తండ్రి దగ్గర మీరు పెరగలేదు, మీకు తెలియదు.

డబ్బా విప్పిన రోజు నాయన కళ్ళజోడు పెట్టుకొచ్చి కూర్చున్నాడు. చక్రాలు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఇది మా బండి కాదు, మా బండికి అన్న అవుతుంది అన్నాడు. గుండ్రటి తల మీద వెల్డింగు గీతలాగా అచ్చు పోసిన చోట బొటనవేలి గోరుతో గీకి చూశాడు. "ఈ వెల్డు ఎవడు కొట్టిండోగాని, చెయ్యి మంచిగుంది" అన్నాడు. ఎవరూ కొట్టలేదు, ఏదో దేశంలో మిషను నుంచి ఊడిపడింది అని నేను చెప్పలేదు. ఒక ప్లాస్టిక్ అచ్చును చూసి నా కడుపు మండిందంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

రెండు నెలలు పట్టింది. సాయంత్రాలూ ఆదివారాలూ డైనింగు టేబులు నాది, మా వాళ్ళు కింద కూర్చుని తిన్నారు. బియ్యపు గింజంత కొక్కెం ఒకటి పట్టకారు లోంచి ఎగిరి సోఫా కిందికి పోతే, దాన్ని వెతకడానికి సోఫా బయటికి తీశాను, ఎట్లాగూ తీశావు కదా అని నా భార్య నా చేతనే ఇల్లంతా ఊడిపించింది. పెన్ను సైజు స్ప్రే గన్నుతో ఆకుపచ్చ రంగు కొట్టిన రోజు నాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎక్కడా కారలేదు, ఎక్కడా పలచన పడలేదు. ఆయన చెయ్యి చొక్కా జేబు వైపు పోవడం నేను కిటికీ అద్దంలో చూశాను.

అప్పుడే నా నోటికి తాళం వేసుకుని ఉంటే సరిపోయేది. కానీ నేను ఫోన్లో ఒక గ్రూపులో చేరి ఉన్నాను. ట్యాంకు బొమ్మలు చేసేవాళ్ళ గ్రూపు అది. వాళ్ళ మతంలో శుభ్రమైన ట్యాంకు పిల్లల ఆటబొమ్మ. అసలు పనంతా తర్వాతే ఉంటుంది: ఎండకు వెలిసినట్టు, వానకు నానినట్టు, పదేళ్ళు యుద్ధం చేసినట్టు దాన్ని పాతబరచాలి. అందుకని "ఇంకా కాలేదు, ఆగు నాయినా" అన్నాను. జేబు దాకా పోయిన చెయ్యి ఖాళీగా కిందికి దిగింది. నా అంత తెలివితక్కువవాడు సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఇంకొకడు ఉండడు.

పాతబరచడానికి కావలసిన సామాన్లలో మొదటిది దుమ్ము. గ్రూపులో అందరూ చెప్పిన కంపెనీ దుమ్మే తెప్పించాను. చిన్న సీసా, మీద 'ఐరోపా దుమ్ము' అని రాసుంది. పటాన్‌చెరులో కాపురముంటూ పరాయి దేశం నుంచి దుమ్ము తెప్పించుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. పార్సిలు తీసుకున్నది నా భార్య. సీసా మీద రాసింది ఏందని అడిగింది, చెప్పాను. కిటికీ చెక్క మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు నాకు చూపించి, వంటింట్లోకి పోయింది.

దాంతో రోషం వచ్చింది. టిఫిన్ బాక్సు పట్టుకుని లక్డారం రోడ్డుకు పోయి, కంకర లారీలు తిరిగే చోట నిలబడి నిమిషంలో బాక్సు నింపుకొచ్చాను. మా దుమ్ముకు ఏం తక్కువ అనుకున్నాను. తీరా చూస్తే ముప్పై ఐదో వంతు ట్యాంకు మీద మా రేణువులు బండరాళ్ళలాగా కనిపించాయి. నా భార్య పిండి జల్లెడతో జల్లించాను. ఆ జల్లెడ గొడవ ఇక్కడ రాయను, కొత్తది కొనిచ్చాను. చక్రాలకు బురద పట్టించి ఫొటో పెడితే గ్రూపులో ఒక పెద్దమనిషి, ఈ మట్టి రంగు ఏ యుద్ధంలోది అని అడిగాడు. లక్డారం అని రాశాను. లక్డారం యుద్ధం గురించి ఏ పుస్తకంలో చదవొచ్చో చెప్పమని అడిగాడు.

రెండోది తుప్పు. ఇందులో నాకు ఎవరి సలహా అవసరం రాలేదు. మా కంపెనీ యార్డులో, బస్సు అడుగున సీట్లు బిగించే ఇనప పైపులు వానాకాలమంతా టార్పాలిను లేకుండా పడి ఉన్నాయి. అంత చక్కటి తుప్పు ఎక్కడా దొరకదు: అంచుల్లో నారింజ, మధ్యలో కాఫీ రంగు, గుంటల్లో నలుపు. భోజనం టైములో పోయి దగ్గర్నుంచి ముప్పై ఫొటోలు తీసుకున్నాను. మేనేజరు అది కిటికీలోంచి చూశాడు. పైవాళ్ళకు పంపడానికే తీస్తున్నానని అనుకున్నట్టున్నాడు, వారం రోజులు నన్ను తన గదిలోకి పిలిచి ఇరానీ చాయ్ తాగించాడు, పిల్లల చదువులు అడిగాడు. నేను కూడా ఏమీ తెలియనట్టు చాయ్ తాగాను. ఆ పైపులను చూసి నాకు బొమ్మ గుర్తొచ్చింది కానీ బస్సు గుర్తు రాలేదు. అది నా ఇరవై ఏళ్ళ అనుభవం.

ఇంట్లో తుప్పు పని మొదలయ్యాక నాయన రోజుకొకసారి వచ్చి చూసి, హూఁ అని పోయేవాడు. ఒక ఆదివారం ఆగి, ఇది ఎన్నేండ్ల తుప్పు అని అడిగాడు. ఐదేండ్లు అనుకో నాయినా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. తాము ఒకదాని మీద ఒకటి రంగు నాలుగు కోట్లు వేసేవాళ్ళమనీ, ఐదేండ్లకు ఇంత తుప్పు ఎట్లా పడుతుందనీ, ఏ షిఫ్టు వాళ్ళు వేశారనీ అడిగాడు. ఇది బొమ్మ, నేనే కావాలని పట్టించాను అంటే, కావాలని తుప్పు పట్టించేవాడికి జీతం ఎవరిస్తరు అని గొణుక్కుంటూ పోయాడు. అయినా దాన్ని ముట్టుకోలేదు, నన్ను ఆపలేదు. హైదరాబాదులో ఆ గ్రూపు వాళ్ళు పెట్టే ప్రదర్శనకు నేను పేరిచ్చాను, ఇంక రెండు వారాలుంది. బహుమతి వస్తే అప్పుడైనా ఆయన జేబులో చెయ్యి పెడతాడని నా లెక్క.

ఆఖరికి మిగిలింది సిపాయిలు. ట్యాంకు తల మీది రెండు మూతల్లోంచి నడుము దాకా బయటికొచ్చి ఇద్దరు, ముందు కిటికీలోంచి తల మాత్రం పెట్టి డ్రైవరు. డబ్బాలో రాసినట్టు ముఖాలకు గులాబీ రంగు వేస్తే, వీళ్ళకు జ్వరమొచ్చిందా ఏంది అంది నా భార్య. తుడిచి మన రంగు వేశాను. ఒకడికి మీసం పెట్టాను. డ్రైవరు కళ్ళు వేసేటప్పుడు కుంచె జారి ఒక కన్ను కాస్త పక్కకు పోయింది. దాంతో వాడు ఎవరినో వెతుకుతున్నట్టు తయారయ్యాడు, బాగానే ఉందని వదిలేశాను. శనివారం సాయంత్రం ముగ్గురినీ ట్యాంకులో కూర్చోబెట్టాను.

నాయన వచ్చి చూశాడు. ముగ్గురా అన్నాడు. లోపల ఇంత జాగలో ముగ్గురు కూసుంటరా అన్నాడు. ముప్పై రెండేళ్ళు చేసిన మనిషి అట్లా అడిగేసరికి నాకు నవ్వొచ్చింది. తాము రంగు వేసేటప్పుడు బండి ఖాళీగా ఉండేదనీ, గేటు దాటేటప్పుడు ట్రైలరు మీద టార్పాలిను కప్పుకుని పోయేదనీ, అందులో ఎక్కి కూర్చునేవాళ్ళను తానెప్పుడూ కళ్ళారా చూడలేదనీ చెప్పాడు. కుర్చీ లాక్కుని చాలాసేపు వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. నా పనితనం మెచ్చుకుంటున్నాడని నేను మురిసిపోయాను. చెయ్యి మాత్రం జేబు వైపు పోలేదు.

మర్నాడు ఆదివారమైనా డ్యూటీ పడింది. నెలాఖరు, ఒక స్కూలు బస్సు కాగితాల మీద ఆ రోజే పూర్తయినట్టు చూపించాలి. ఆ రోజు అమావాస్య, ఆ పూట కొత్త బండి తీసుకుపోయేది లేదని స్కూలు వాళ్ళు చెప్పారు కాబట్టి, సంతకాలు ఆదివారం, బస్సు పోయేది సోమవారం. నేను బస్సు కిందికి దూరి చూశాను. అడుగున సీట్లు బిగించిన పైపులు నల్లగా నున్నగా మెరుస్తున్నాయి. మరీ నున్నగా ఉన్నాయి. అవి ఏ పైపులో నాకు తెలుసు, నా ఫోన్లో ముప్పై ఫొటోలున్నాయి. బీహారు నుంచి వచ్చిన పెయింటరు అబద్ధం ఎరగని మనిషి. "పుట్టీ మార్ దియా సాబ్, కుచ్ నహీ దిఖేగా" అన్నాడు, తుప్పు గుంటలన్నీ పుట్టీతో పూడ్చేశాడట. నిజమే, ఏమీ కనిపించలేదు. మేనేజరు ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, సంతకం పెట్టాను. చాయ్ తాగుదామా అన్నాడు, తాగాను.

మూడింటికి ఇంటికొచ్చాను. హాల్లో కిటికీ పక్కన పేపరు పరిచి, దాని మీద నా ట్యాంకు పెట్టుంది. ఆకుపచ్చగా, కొత్తగా, తళతళలాడుతోంది. ఇన్నాళ్ళూ పట్టించిన తుప్పు లేదు, బురద లేదు, లక్డారం లేదు. ముగ్గురు సిపాయిల తలలకూ పేపరు టోపీలు చుట్టి టేపు వేసున్నాయి, వాళ్ళ మీద రంగు పడకుండా. పక్కన నా పెన్ను సైజు గన్ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉంది. నాయన చేతులు తుడుచుకుంటున్నాడు.

నా నోటికి ఏమొచ్చిందో అంతా అన్నాను, అందులో రాయదగ్గది ఒక్కటీ లేదు. నా భార్య వచ్చి అడ్డం నిలబడి, పొద్దటి నుంచి మామ అన్నం కూడా తినలేదు, పాత టూత్‌బ్రష్ అడిగితే నేనే ఇచ్చిన అంది. ఆమెను కూడా అన్నాను. నాయన మాత్రం పనెట్లా చేశాడో చెప్పుకుపోతున్నాడు. ముందు అడుగున కనిపించని చోట ఒక చుక్క థిన్నరు పెట్టి చూశాడట, ప్లాస్టిక్ మెత్తబడిందట, వెంటనే మానుకుని సబ్బునీళ్ళు, బ్రష్షు, నీళ్ళలో ముంచి రుద్దే సన్నటి వాటర్ పేపరు పట్టాడట. తుప్పంతా పోయాకే ప్రైమరు, అది ఆరాకే రంగు, అడ్డం ఒక కోటు, నిలువు ఒక కోటు. తుప్పు మీద రంగు కొట్టడం తన చేత కాదని కూడా అన్నాడు. ఆ మాట నాకు సూటిగా తగిలింది, ఆయనకు తెలియదు.

"ఇది బొమ్మ నాయినా" అన్నాను చివరికి. అరిచి అరిచి గొంతు పోయింది.

"బొమ్మని నాకు తెల్వదా? బండి ఖాళీగ ఉన్నన్ని దినాలు నిన్ను ఒక్క మాటన్న అన్ననా? ఏం రుద్దుకుంటవో రుద్దుకో అని ఊకున్న. నిన్న మనుషులను కూసోబెట్టినవు. మనుషులు ఎక్కినంక తుప్పు బండి గేటు దాటొద్దురా."

ట్యాంకును చేతిలోకి తీసుకుని, డ్యూటీ బ్యాగులోని టార్చి వేసి వెతికాను. కోపంతోనే వెతికాను. ఒక చుక్కయినా, ఒక కారుడయినా, ఒక గుంటయినా దొరికితే మొహాన కొడదామని. డెబ్బై రెండేళ్ళ చేతులు, కొత్త గన్ను, ఒక్క లోపం దొరకలేదు. అడుగున థిన్నరు పెట్టిన చోట ఆయన బొటనవేలి ముద్ర మాత్రం ప్లాస్టిక్‌లో దిగిపోయి ఉంది. వెనక పలక మీద, గోరంత సైజులో, పసుపు చాక్‌పీసు టిక్కు. కింద అడ్డగీత. నా ట్యాంకు మీద చాక్‌పీసు పడనే పడింది, నేను చేసిన పనికి కాదు.

ఆ సాయంత్రం నా భార్య పేపరు టోపీలు విప్పింది. ముగ్గురూ శుభ్రమైన బండిలోంచి బయటికి చూస్తున్నారు. మెల్లకన్ను డ్రైవరు ఎటు నిలబడినా నన్నే వెతుకుతున్నాడు. ట్యాంకును గోడవైపు తిప్పి పెట్టాను, మళ్ళీ నేనే తిప్పాను.

సోమవారం పొద్దున అందరితో పాటు కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. తర్వాత నేరుగా పోయి స్కూలు బస్సుకు ఎర్ర ట్యాగు కట్టాను. సంతకం పెట్టిన బస్సుకు ట్యాగు కట్టడం మా కంపెనీలో అంతకుముందు ఎవరూ చేయలేదు కాబట్టి, ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత ఫైలు తెచ్చి నా సంతకం నాకే చూపించాడు. బస్సు కిందికి దూరి చూసేవాళ్ళు ఎవరున్నారు, రంగు చూస్తారు, సీటు కవర్లు చూస్తారు, అంతే అన్నాడు. ట్యాంకులు చేసి చేసి బుర్ర చెడిందన్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర పెద్ద మాటలేమీ లేవు. "మనుషులు కూసుంటరు సార్" అన్నాను. చిన్నపిల్లలు కూర్చుంటారని అనాల్సింది, నోటికి నాయన మాటే వచ్చింది.

ఫైలులో నా సంతకం కిందనే, ఇది రద్దు అని రాసి మళ్ళీ సంతకం పెట్టాను. తర్వాత పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని బస్సు కిందికి దూరి, నున్నగా మెరుస్తున్న పైపును పొడిచాను. పుట్టీ పెచ్చు ఊడిపడింది, స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి పోయింది. దాన్ని అట్లాగే వదిలేసి బయటికొచ్చాను. మేనేజరు వంగి చూశాడు, ప్యాంటు మోకాళ్ళు దులుపుకున్నాడు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని పోయాడు. పెయింటరు ఒక్కడే బాధపడ్డాడు, సాబ్, పుట్టీ తో అచ్ఛా థా అన్నాడు. నిజంగానే పుట్టీ పని బాగుంది.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. నాయన పేపరు పక్కన పెట్టి విన్నాడు. పైపులు ఎంత మందం అని అడిగాడు, చెప్పాను. ఎన్ని మార్చాలి అని అడిగాడు, తొమ్మిది అన్నాను.

"మొదలు ఓకే చేసింది ఎవరు?"

"నేనే నాయినా."

హూఁ అన్నాడు. లేచి ట్యాంకు మీద దుమ్ము తుడిచి, లోపలికి పోయాడు. అంతే. నేను ఏమనుకున్నానో, ఏం ఆశపడ్డానో, అదంతా మింగేసి చాయ్ తాగాను. ప్రదర్శనకు రావడం లేదని గ్రూపులో రాసి, ట్యాంకు ఫొటో పెట్టాను. తుప్పు పట్టకముందు ఫొటోనా, పట్టాక ఫొటోనా అని అడిగారు, మా కొత్త ఆకుపచ్చ ట్యాంకు ఫొటో చూసి. తుప్పు వదిలాక అని రాసి గ్రూపులోంచి దిగిపోయాను.

మంగళవారం పొద్దున డ్యూటీకి పోయేసరికి నాకు మార్పు ఆర్డరు సిద్ధంగా ఉందని గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ముందే చెప్పాడు. ఇక బస్సుల దగ్గర కాదట, యార్డులో, ఎండలో, లారీల్లో వచ్చే పైపులు దిగేటప్పుడే చూసి తీసుకోవాలట. నన్ను శిక్షించడానికి మా మేనేజరు వెతికి వెతికి, తుప్పు మొదలయ్యే చోటనే నన్ను నిలబెట్టాడు. ఇంత మంచి నిర్ణయం ఆయన ఇరవై ఏళ్ళలో తీసుకోలేదు, ఆ సంగతి ఆయనకు నేను చెప్పలేదు.

బండి ఆపి హెల్మెట్ తీస్తుంటే సెక్యూరిటీ ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెనకవైపు ఏదో గీసుంది సార్, పిల్లలు గీసినట్టున్నరు, తుడవాల్నా అన్నాడు. తిప్పి చూశాను. నల్ల హెల్మెట్ మీద, సరిగ్గా మధ్యలో, అరచెయ్యంత పసుపు టిక్కు. పటాన్‌చెరు సెంటరంతా దాటి నేను దాన్ని నెత్తిన పెట్టుకునే వచ్చాను.

"తుడవకు. అది మా నాయన పెట్టిన సంతకం" అన్నాను.

టిక్కు కింద అడ్డగీత కూడా ఉంది.